కణసంకేతాలకు అడ్డుకట్ట: సముద్ర బ్యాక్టీరియా ఇచ్చిన అణువు, అది నేర్పిన పాఠం

వరిచేలో 2,4-డి పిచికారీ చేసిన మరునాటికే వెడల్పాకు కలుపు మొక్కల కాడలు మెలితిరగడం వ్యవసాయ విద్యార్థులకు సుపరిచితమైన దృశ్యం. ఈ కలుపు మందు మొక్కలోని సహజ హార్మోను ఆక్సిన్‌ను పోలి ఉంటుంది. మొక్క కణంలో ఆక్సిన్‌కు స్పందించే జన్యువులను కొన్ని ప్రోటీన్లు నిరంతరం అణచి ఉంచుతాయి. ఆక్సిన్ గాని, దానిని పోలిన మందు గాని కణంలోకి చేరగానే ఆ నిరోధక ప్రోటీన్లకు ‘నాశనం చేయవలసినవి’ అనే గుర్తు పడుతుంది. అవి తొలగిపోయిన తరువాతనే జన్యువులు పనిలోకి దిగుతాయి. గుర్తు పడిన ప్రోటీన్లను ముక్కలు చేసే కణయంత్రానికి ప్రోటియసోమ్ అని పేరు.

ఇదే యంత్రం మానవ కణాలలోనూ ఉంది. అనేక వ్యాధులలో దారి తప్పే సంకేతాలు దీని గుండానే నడుస్తాయి. దీనిని ఆపివేస్తే ఏమవుతుందో స్పష్టంగా చూపిన సహజ సమ్మేళనాలలో ముఖ్యమైనది సాలినోస్పోరమైడ్-ఎ. ఒక సముద్ర బ్యాక్టీరియా దీనిని తయారుచేస్తుంది.

నేల నుంచి సముద్రగర్భానికి

తొలకరికి తడిసిన నేల నుంచి వచ్చే మట్టివాసనకు ప్రధాన కారకులైన ఆక్టినోమైసిటీలు ఔషధాలకు పెన్నిధి. 1943లో స్ట్రెప్టోమైసిన్ ఈ వర్గపు సూక్ష్మజీవి నుంచే లభించింది. 1948లో వెలుగు చూసిన ఆరియోమైసిన్‌కు మూలమైన మట్టి, అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయానికి చెందిన శాన్‌బార్న్ ప్రయోగ క్షేత్రం నుంచి వచ్చింది. 1888లో మొదలైన ఆ క్షేత్రంలో పంటల మార్పిడి, ఎరువుల వాడకంపై దీర్ఘకాలిక ప్రయోగాలు సాగుతున్నాయి. ఆ మందును కనుగొన్న బెంజమిన్ డగ్గర్ వృక్షశాస్త్రవేత్త. ఆయన పనిచేసిన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించినవారు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

నేలలోని ఆక్టినోమైసిటీలను దశాబ్దాలపాటు జల్లెడ పట్టిన తరువాత, కొత్త అణువులు దొరకడం క్రమంగా అరుదైంది. సముద్రపు అడుగున కనిపించే ఆక్టినోమైసిటీలు నదుల వెంట నేల నుంచి కొట్టుకువచ్చిన సిద్ధబీజాలేనన్న అభిప్రాయం చాలాకాలం బలంగా ఉండేది. అమెరికాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థకు చెందిన విలియం ఫెనికల్, పాల్ జెన్సన్‌ల బృందం బహామాస్ దీవుల తీరంలోని అవక్షేపాలను పరిశీలించి, ఎదుగుదలకు సముద్రజలమే అవసరమైన ఆక్టినోమైసిటీలు అక్కడ ఉన్నాయని 1991లో ప్రకటించింది. ఈ జీవులకు 2005లో సాలినిస్పోరా అనే ప్రజాతి పేరు స్థిరపడింది. వాటిలో సాలినిస్పోరా ట్రోపికా నుంచి వేరుచేసిన సాలినోస్పోరమైడ్-ఎ నిర్మాణం 2003లో వెలువడింది.

సంకేతం ఆగే చోటు

మానవ కణాలలో వాపు, కణవిభజన, కణాల మనుగడకు సంబంధించిన అనేక జన్యువులను ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీను నియంత్రిస్తుంది. సాధారణ స్థితిలో ఐ-కప్పా-బి అనే మరో ప్రోటీను దీనిని పట్టి ఉంచి, కేంద్రకంలోకి వెళ్లనివ్వదు. బయటి నుంచి సంకేతం అందగానే ఐ-కప్పా-బికి మొదట ఫాస్ఫేటు, తరువాత యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ల గొలుసు తగులుకుంటాయి. ఆ గొలుసే నాశనపు గుర్తు. ప్రోటియసోమ్ ఐ-కప్పా-బిని ముక్కలు చేయగా, విడుదలైన ఎన్‌ఎఫ్-కప్పా-బి కేంద్రకంలో ప్రవేశిస్తుంది. ఆక్సిన్ కథకూ దీనికీ ఉన్న పోలిక పాఠకులు గమనించే ఉంటారు.

ఎముక మజ్జలో పుట్టే మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్‌లో ఈ సంకేతం తరచుగా అదుపు తప్పి, కణాలను చావనివ్వదు. పైగా ఆ క్యాన్సర్ కణాలు ప్రతిరక్షకాలను పెద్ద మొత్తంలో తయారుచేసే జాతివి. సరిగా మడతపడని ప్రోటీన్లు వాటిలో పేరుకుపోకుండా ప్రోటియసోమ్ ఎడతెగక పనిచేయాలి. అందువల్ల ప్రోటియసోమ్‌ను ఆపితే ఈ కణాలకు రెండు విధాల దెబ్బ తగులుతుంది. ఈ సూత్రంపై పనిచేసే కృత్రిమ ఔషధం బోర్టిజోమిబ్‌కు 2003లో అమెరికాలో అనుమతి లభించింది.

క్లోరిన్ చేసే పని

ప్రోటియసోమ్ ఒక పీపా వంటి నిర్మాణం. ఏడేసి ప్రోటీన్లతో ఏర్పడిన నాలుగు వలయాలు ఒకదానిపై ఒకటి అమరి ఉంటాయి. కోత పని చేసే స్థలాలు లోపలి రెండు వలయాలలో ఉంటాయి. సాలినోస్పోరమైడ్-ఎ అణువులోని బీటా-లాక్టోన్ వలయం ఆ స్థలంలోని థ్రియోనిన్‌తో బంధం ఏర్పరచుకుంటుంది. బంధం ఇంతటితో ఆగితే కొంతకాలానికి నీటి చర్యతో విడిపోయే అవకాశం ఉంటుంది. కాని ఈ అణువులో ఒక క్లోరిన్ పరమాణువు ఉంది. బంధం ఏర్పడిన వెంటనే క్లోరిన్ తప్పుకొని, ఆ స్థానంలో మరొక వలయం మూసుకుంటుంది. ఆపైన అణువు ఊడిరాదు.

నేలలోని స్ట్రెప్టోమైసిస్ నుంచి లభించిన లాక్టాసిస్టిన్ కూడా ఇదే యంత్రాన్ని అడ్డుకుంటుంది. దాని క్రియాశీల రూపమైన ఒమురలైడ్‌లో క్లోరిన్ లేదు. దానికన్నా సాలినోస్పోరమైడ్-ఎ సుమారు 35 రెట్లు శక్తిమంతమని 2003 నాటి నివేదిక పేర్కొన్నది. సముద్రజలంలో పుష్కలంగా లభించే క్లోరైడును అణువులో చేర్చేందుకు ఈ బ్యాక్టీరియాలో ప్రత్యేకమైన ఎంజైము ఉన్నదని 2008లో నిరూపితమైంది. పెంపక మాధ్యమంలో ఉప్పుకు బదులు సోడియం బ్రోమైడు వేస్తే క్లోరిన్ స్థానంలో బ్రోమిన్ వచ్చి చేరుతుంది.

తన విషానికి తానే బలికాకుండా ఈ బ్యాక్టీరియా చేసుకున్న ఏర్పాటు కూడా గమనార్హం. దానికి సొంత ప్రోటియసోమ్ ఉంది. విషాన్ని తయారుచేసే జన్యువుల పక్కనే, ఆ విషానికి లొంగని ప్రోటియసోమ్ భాగాన్ని తయారుచేసే జన్యువును అది భద్రపరచుకున్నది.

చికిత్సలో ఎదురైన పరిమితి

మారిజోమిబ్ అనే పేరుతో ఈ అణువు మానవ పరీక్షలకు చేరింది. మెదడులోకి మందులను రానివ్వని రక్తనాళాల అవరోధాన్ని ఇది దాటగలదు. ఈ గుణం మెదడు క్యాన్సర్లలో అత్యంత తీవ్రమైన గ్లియోబ్లాస్టోమా విషయంలో పెద్ద ఆశ కల్పించింది. కొత్తగా వ్యాధి నిర్ధారణ అయిన 749 మందిపై మూడవ దశ పరీక్ష జరిగింది. రేడియేషన్, టెమోజోలొమైడ్‌లతో కూడిన ప్రామాణిక చికిత్సకు మారిజోమిబ్‌ను జోడించినా రోగుల జీవితకాలం పెరగలేదు. నాడీమండలానికి సంబంధించిన దుష్ఫలితాలు మాత్రం ఎక్కువయ్యాయి.

ఈ ఫలితాన్ని ఒక అణువు వైఫల్యంగా మాత్రమే చూడడం సరికాదు. ప్రోటియసోమ్ వ్యాధికణాలకు మాత్రమే పరిమితమైన యంత్రం కాదు; ఆరోగ్యంగా ఉన్న ప్రతి కణమూ దానిపై ఆధారపడి బ్రతుకుతున్నది. ఉమ్మడి యంత్రాన్ని ఆపినప్పుడు చెడు సంకేతంతోపాటు మంచి సంకేతమూ ఆగుతుంది. మైలోమా కణాలకు ఆ యంత్రంపై భారం అసాధారణం గనుక అక్కడ లాభం నష్టాన్ని మించింది. అన్ని క్యాన్సర్లకూ ఆ లెక్క వర్తించదు.

గోధుమ చూపిన దారి

ఇదే వ్యవస్థను ఎంత పొదుపుగా మలచవచ్చునో హరిత విప్లవంలోని పొట్టి గోధుమ చూపింది. జిబ్బరెల్లిన్ హార్మోను అందినప్పుడు డెల్లా అనే నిరోధక ప్రోటీన్లు ప్రోటియసోమ్‌లో నాశనమై మొక్క ఎత్తు పెరుగుతుంది. నోరిన్-10 నుంచి వచ్చిన పొట్టి గోధుమలలో డెల్లా ప్రోటీను మారిపోయి, నాశనపు గుర్తును తప్పించుకుంటుంది. కాండం పొట్టిగా, దృఢంగా నిలుస్తుంది. ప్రోటియసోమ్‌కు ఏ లోపమూ కలగదు. అంటే, ఆగినది ఒక్క సందేశమే. వైద్యరంగంలో సైతం లెనాలిడొమైడ్ వంటి మందులు ప్రోటియసోమ్‌ను ఆపకుండా, ఎంపిక చేసిన ప్రోటీన్లను మాత్రమే దానివైపు మళ్లించి మైలోమాను అదుపు చేస్తున్నాయి.

సముద్ర సూక్ష్మజీవుల అన్వేషణలో అడుగుపెట్టే యువ పరిశోధకులు ఈ తేడాను మనసులో ఉంచుకోవాలి. ఒక సారం గాజుపాత్రలోని క్యాన్సర్ కణాలను చంపిందన్నది తొలి పరిశీలన మాత్రమే. అందులోని అణువు ఏది, అది ఏ ప్రోటీనుపై, ఏ మెట్టు వద్ద పనిచేస్తున్నది, ఆరోగ్యకరమైన కణానికి దానివల్ల కలిగే నష్టం ఎంత అన్న ప్రశ్నలకు సమాధానం దొరికినప్పుడే ఆ పరిశీలనకు విలువ. సాలినోస్పోరమైడ్-ఎ విషయంలో ఈ ప్రశ్నలన్నిటికీ ఓపికగా సమాధానాలు వెతికారు. అందువల్లనే, మెదడు క్యాన్సర్‌కు మందు కాలేకపోయినా, కణసంకేతాల గురించి అది నేర్పిన విషయాలు శాస్త్రానికి తరగని ఆస్తిగా మిగిలాయి.