పొద్దున పోయి మాపటికొచ్చేవాళ్ళు ఎవరి లెక్క?

కుప్పం స్టేషన్లో తెల్లారకముందే జనం. చేతిలో అన్నం క్యారియరు, జేబులో సీజన్ టికెట్. బంగారుపేట మీదుగా బెంగళూరు చేరి, పని చూసుకుని, రాత్రి బండికి ఇల్లు చేరతారు. మదనపల్లె, పుంగనూరు వాళ్ళకు ఆ వసతి లేదు. మదనపల్లె రోడ్డు స్టేషనుంది గానీ, అది ఊరికి దూరంగా పాకాల–ధర్మవరం లైను మీద ఉంది. అందుకే బస్సెక్కి పోయి, కట్టే బిల్డింగు పక్కనే రేకుల షెడ్డులో ఉండి, పండక్కి వస్తారు.

వీళ్ళు వలసొచ్చినవాళ్ళా, కాదా?

2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం ఒక బిల్లు ఆమోదించింది. ప్రైవేటు సంస్థల్లో మేనేజ్‌మెంట్ ఉద్యోగాలు 50 శాతం, మిగతావి 70 శాతం స్థానికులకే. స్థానికులంటే అక్కడ పుట్టి, 15 ఏళ్ళు ఉండి, కన్నడం చదవడం, రాయడం వచ్చినవాళ్ళు. పరిశ్రమలవాళ్ళు గోల చేయడంతో రోజుల్లోనే పక్కన పెట్టారు. బిల్లు ఆగింది, వాదన ఆగలేదు.

కన్నడిగుల బాధను కొట్టిపారేయలేం. 2011 జనగణనలో బెంగళూరు నగర జిల్లాలో కన్నడం మాతృభాషగా ఉన్నవాళ్ళు సగానికన్నా తక్కువ. 2024 ఎండాకాలంలో అక్కడ నీళ్ళ ట్యాంకరు కోసం పడిన పాట్లు చూశాం. అద్దెల సంగతి చెప్పక్కర్లేదు. కానీ రాత్రికి కుప్పం వచ్చి పడుకునేవాడు అక్కడ ఇల్లు అద్దెకు తీసుకోడు. వచ్చిపడుతున్న జనం ఎంత, ఎంత వేగంగా అని లెక్కలేసేవాళ్ళ పద్దులో అతనికి గడే లేదు.

ముఠా కూలీని ఆ బిల్లు పెద్దగా తాకేది కాదు. అతని పేరు ఏ కంపెనీ రిజిస్టర్లోనూ ఉండదు. మేస్త్రీతో తెలుగు, ఓనరుతో కన్నడం, ఇంకొకరితో తమిళం మాట్లాడి నెట్టుకొస్తాడు. దెబ్బ తగిలేది డిగ్రీ చదివి బెంగళూరు పీణ్యాలో ఫ్యాక్టరీలో చేరిన అతని కొడుక్కి. కన్నడం గడగడా మాట్లాడతాడు, రాయమంటే రాదు.

ఇవేమీ నిన్నటి రాకపోకలు కావు. 1880ల్లో జాన్ టేలర్ కంపెనీ కోలారు బంగారు గనులు తవ్వించినప్పుడు, కుప్పం, పుంగనూరు అప్పట్లో ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి కూలీలు ఎక్కువగా దిగారు. వాళ్ళను స్థానికులేనా అని అడిగినవాళ్ళు లేరు, మనుషులు కావలసి వచ్చింది కాబట్టి.

మనం మాత్రం తక్కువ తిన్నామా? పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని 2019లో దేశంలోనే ముందు చట్టం చేసింది ఆంధ్రప్రదేశే. అప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో కొందరు, ఐదేళ్ళకు కర్ణాటక అదే పని చేయబోతే అన్యాయమన్నారు. హర్యానా చేసిన ఇలాంటి చట్టాన్ని 2023లో హైకోర్టు కొట్టేసింది.

కర్ణాటక బిల్లు గొడవలోనే ఆంధ్రప్రదేశ్ ఐటీ మంత్రి లోకేశ్ ఐటీ కంపెనీలను విశాఖకు రమ్మన్నారు. బాగానే ఉంది. కుప్పం కుర్రాడికి విశాఖ బెంగళూరుకన్నా ఎనిమిది తొమ్మిది రెట్లు దూరం. అక్కడికి పోతే మన చట్టం ప్రకారం అతను స్థానికుడే, పొద్దున పోయి మాపటికి మాత్రం రాలేడు.