ఆపరేషన్‌కు ముందు ఖాళీ కడుపు ఎందుకంటే..

ముందుగా తేదీ ఖరారైన శస్త్రచికిత్స ఆఖరి ఘడియలో వాయిదా పడేందుకు ఒక్క ఇడ్లీ చాలు. రోగి నీరసిస్తాడన్న జాలితో బంధువులే గుట్టుగా తినిపిస్తుంటారు. మత్తులో దగ్గు, మింగుడు మందగిస్తాయి. ఆ స్థితిలో కడుపులోని ఆహారం పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణాపాయమే. అందుకే సాధారణంగా పెద్దలు తేలికపాటి ఆహారాన్ని కనీసం 6 గంటల ముందు, నూనె వంటకాలు, మాంసాహారమైతే 8 గంటల ముందు ముగించాలి. మంచినీరు 2 గంటల ముందు వరకు తాగవచ్చు. పాలు, మజ్జిగ, పాలు కలిపిన కాఫీ మాత్రం ఆహారం కిందే లెక్క. వైద్యుడు వేరే గడువు చెబితే దానినే పాటించాలి. పొరపాటున తిన్నవారు దాచక మత్తు వైద్యునికి తెలపాలి. ఇన్సులిన్, రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారు వాటిని సొంతంగా ఆపరాదు. ఏది మానాలో, ఎప్పుడు మానాలో ముందే అడగాలి. నాటుమందులు వాడుతున్నా చెప్పాల్సిందే.