తాళంచెవి మీ కొంగునే ఉందా?

బీరువా తాళంచెవి మీ ఇంట్లో ఎవరి దగ్గరుంటుంది? "ఇంకెవరి దగ్గర, నా దగ్గరే!" అంటారు మీరు. కొంగున ముడేసుకునేవారు కొందరు, బియ్యం డబ్బాలో దాచేవారు కొందరు. మరి మీ బ్యాంకు ఖాతా తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఇక్కడికొచ్చేసరికి చాలామంది తటపటాయిస్తారు. పాసుపుస్తకం ఆయన దగ్గర, ఏ.టి.ఎం. కార్డు అబ్బాయి జేబులో, ఖాతాకిచ్చిన ఫోన్ నంబరు మరిదిది, పిన్ నంబరు ఇంటిల్లిపాదికీ తెలుసు. పేరు మాత్రం మీది!

కడప జిల్లా వీరపునాయునిపల్లెనే తీసుకోండి. ఒక పక్క కమలాపురం, ఒక పక్క వేంపల్లె, ఇంకో పక్క ఎర్రగుంట్ల. నగ కొనాలంటే ప్రొద్దుటూరు బస్సెక్కడం ఈ ప్రాంతంలో అలవాటు. ఇప్పుడు ఇలాంటి ఊళ్లలో కూడా టీ అంగట్లో, కూరగాయల బండి మీద స్కాన్ చేసే బొమ్మ కనిపిస్తోంది. పింఛను, కూలి డబ్బు, డ్వాక్రా అప్పు అన్నిటికీ వేలిముద్రో, ఫోనుకొచ్చే నంబరో అడుగుతున్నారు. సౌకర్యమే, కాదనం. కానీ ఆ సౌకర్యం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

బ్యాంకు ఊరికి వచ్చిన దారి

పల్లెవాళ్లకు అప్పులిచ్చేందుకని మన దేశంలో గ్రామీణ బ్యాంకులు 1975లో మొదలయ్యాయి. మరుసటేడే, 1976లో, కడపలో రాయలసీమ గ్రామీణ బ్యాంకు వచ్చింది. 2006లో అది అనంతపురం, నెల్లూరు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రగతి గ్రామీణ బ్యాంకు అయింది. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులూ ఏకమై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మారాయి. మీ ఇంట్లో పాత పేరుతో ఉన్న పాసుపుస్తకం ఉంటే ఒకసారి బ్యాంకుకు వెళ్లి కొత్తది తీసుకోండి. ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్ మారిందేమో కూడా అడిగి రాసుకోండి.

మన ఆడవాళ్లకు బ్యాంకు గడప అలవాటు చేసింది మాత్రం పొదుపు సంఘాలే. 1990లలో సారా ఉద్యమం తర్వాత నెల్లూరు నుంచి మొదలుకొని రాష్ట్రమంతా సంఘాలు పుట్టాయి. అంతవరకు వేలిముద్ర వేసిన ఎందరో సంతకం నేర్చుకున్నారు. అప్పట్లో వేలిముద్ర అంటే చదువు రాదని గుర్తు. ఇప్పుడు చూడండి, చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ అందరం వేలిముద్రే వేస్తున్నాం!

మన జిల్లాలో జరిగిన ఒక పరీక్ష

ఈ మిషన్ల వల్ల నిజంగా మేలు జరిగిందా? ఈ ప్రశ్నకు మన జిల్లాలోనే ఒక జవాబు దొరికింది. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి, పింఛన్లు ఇవ్వడానికి వేలిముద్రలున్న స్మార్ట్‌కార్డులు పెట్టారు. 2010 నుంచి 2012 దాకా ఎనిమిది జిల్లాల్లో కొన్ని మండలాలకు ముందుగా, కొన్నిటికి ఆలస్యంగా ఇచ్చి, తేడా ఎంతో కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఆ ఎనిమిదింటిలో కడప ఒకటి.

ఫలితం ఏమిటంటే, కార్డులొచ్చిన మండలాల్లో కూలి డబ్బు త్వరగా అందింది. డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం ఒక్కోసారికి 22 నిమిషాలు తగ్గింది. మధ్యలో మాయమయ్యే సొమ్మూ తగ్గింది. పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చిన మనిషికి 22 నిమిషాలంటే ఎంతో మీకు వేరే చెప్పాలా?

ఇందులో రెండు సంగతులు మనం గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, ఊళ్లో డబ్బు పంచే పని అదే ఊరి ఆడపడుచుకు ఇవ్వాలని నియమం పెట్టారు. పదో తరగతి చదివి, పొదుపు సంఘంలో ఉన్నవారికి అవకాశమిచ్చారు. రెండు, కార్డు రానివాళ్లను వట్టి చేతులతో పంపలేదు, పాత పద్ధతిలోనే ఇచ్చారు. తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసినప్పుడు, ముందుగా ఆధార్ కలపని కుటుంబాలకు అందే సరుకు సగటున పదో వంతు తగ్గిందని అదే ఆర్థికవేత్తలు తేల్చారు. మిషన్ ఎంత మంచిదైనా, అది పని చేయని రోజున ఇంకో దారి తెరిచి ఉంచాలి. లేకుంటే ముందు నష్టపోయేది ముసలివాళ్లు, ఆడవాళ్లే.

"వేలు పడలేదవ్వా!"

నాపరాళ్ల పని చేసి, కలుపు తీసి, అంట్లు తోమి అరిగిపోయిన వేళ్లు మనవి. వయసు మీదపడితే గీతలు ఇంకా చెరిగిపోతాయి. "పడలేదవ్వా, ఇంకోసారి పెట్టు" అంటాడు మిషన్ పట్టుకున్న కుర్రాడు. అవ్వ మళ్లీ పెడుతుంది. "సర్వర్ లేదు, రేపు రా" అంటాడు. నిజంగానే సర్వర్ లేకపోవచ్చు. అయితే వేలు పడినా పడలేదని చెప్పి, డబ్బు తీసుకుని పంపేసే మోసగాళ్లూ అక్కడక్కడా ఉన్నారు. పాపం, అవ్వకు తెలిసేదెలా?

అందుకే వేలు పెట్టేముందు "ఎంత కొట్టావు నాయనా?" అని అడగండి. తెర మీద అంకె చూడండి. చదవడం రాకపోతే మనవరాలిని పక్కన నిలబెట్టుకోండి. డబ్బు వచ్చినా రాకపోయినా రసీదు అడగండి. పడలేదన్న రోజున కూడా రసీదు వస్తుంది, అదే మీ సాక్ష్యం. వేలు పడకపోతే కంటిపాప, ముఖం గుర్తుపట్టే పద్ధతి ఉందేమో అడగండి. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా వేయించుకోవడమూ మంచిదే.

బ్యాంకు తరపున ఇలా డబ్బిచ్చేవాళ్ల మీద నిఘా పెంచాలని రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఉత్తర్వులిచ్చింది, అవి 2026 జనవరి 1 నుంచి అమలుకు వచ్చాయి. అయినా మన జాగ్రత్త మనకుండాలి.

రబ్బరు వేళ్ల దొంగలు

వేలిముద్రను ఎవరు దొంగిలిస్తారులే అనుకోకండి. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలు తీసి, రబ్బరుతో నకళ్లు చేసి, సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు బయటపెట్టారు. తర్వాత ఇదే ఎత్తుతో బ్యాంకు ఖాతాల్లో డబ్బు లాగిన ముఠాలూ దొరికాయి. పొలం రిజిస్ట్రేషన్‌కు మనం వేసే ముద్ర కూడా తాళంచెవేనన్నమాట!

దీనికి విరుగుడుంది. ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేయవచ్చు. ఆధార్ యాప్‌లో, వెబ్‌సైట్‌లో ఆ వీలుంది. అయితే ఒక్క మాట. తాళం వేస్తే రేషన్ దగ్గర, పింఛను దగ్గర కూడా మీ వేలు పని చేయదు. ఆరోజు తాళం తీసి, పని కాగానే మళ్లీ వేసుకోవాలి. నెలనెలా వేలిముద్రతో పనిపడని కోడళ్లకు, ఉద్యోగినులకు ఇది బాగా పనికొస్తుంది. అవ్వతాతలకైతే ఇంట్లో ఎవరైనా బాధ్యత తీసుకుంటేనే చేయించండి. లేకపోతే ఒకటో తేదీన పింఛను దగ్గర ఇబ్బంది పడతారు.

డబ్బు ఏ ఖాతాలో పడింది?

"నా డబ్బు రాలేదు" అని తిరిగే చాలామందికి డబ్బు వచ్చే ఉంటుంది, వేరే ఖాతాలో! ఆధార్ ఆధారంగా పంపే సొమ్ము మీరు చివరగా ఆధార్ కలిపిన బ్యాంకుకే పోతుంది. ఎవరో చెప్పారని కొత్త ఖాతా తెరిచి, అక్కడ ఆధార్ ఇచ్చి, పాత పాసుపుస్తకం పట్టుకుని తిరిగితే ఏం లాభం? "నా ఆధార్ ఏ బ్యాంకుతో కలిసుంది?" అని బ్యాంకులో అడగండి, చెబుతారు.

పొరపాటున డబ్బు పోతే...

ఏడుస్తూ కూర్చోవద్దు. దాచిపెట్టవద్దు. ఇంట్లో తిడతారని నాలుగు రోజులు నోరు మూసుకున్నవాళ్లే ఎక్కువ నష్టపోతారు. వెంటనే 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల నంబరు. తర్వాత బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ప్రకారం, మీ తప్పు లేకుండా బయటివాళ్లెవరో ఎలక్ట్రానిక్ పద్ధతిలో డబ్బు లాగేస్తే, బ్యాంకు కబురందిన మూడు పనిదినాల్లో చెప్పినవారికి నష్టం ఉండదు. పిన్ మీరే చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం మీదే. అందుకే ప్రతి గంటా విలువైనదే. బ్యాంకు 30 రోజుల్లో పరిష్కరించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. వివరాలకు 14448కి ఫోన్ చేయండి.

ఈ ఏడు మాటలు కాగితం మీద రాసి వంటింట్లో అంటించుకోండి

1. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. ఇవ్వడానికే పిన్. "మీకు డబ్బొస్తుంది, పిన్ కొట్టండి" అన్నవాడు దొంగే.

2. ఫోనుకొచ్చిన ఓ.టి.పి. కొడుక్కయినా సరే, ఎందుకో తెలుసుకోకుండా చెప్పకండి. బ్యాంకు మేనేజరునంటూ ఫోన్లో అడిగినవాడికి అసలే వద్దు.

3. ఖాతాకు మీ సొంత ఫోన్ నంబరే ఇవ్వండి. బటన్ల ఫోనైనా ఫరవాలేదు. అలాంటి ఫోన్ల కోసమే 2022 మార్చిలో యు.పి.ఐ. 123పే అనే పద్ధతి తెచ్చారు.

4. ఫోన్‌లో చెల్లింపులకు వేరే చిన్న ఖాతా పెట్టుకోండి. దాచుకున్న సొమ్మంతా దానికి తగిలించవద్దు.

5. నామినీ పేరు రాయించారా? ఈ వారమే చూడండి.

6. 70 ఏళ్లు దాటినవారికి, వికలాంగులకు ఇంటికొచ్చి సేవ చేయాలని 2017లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. మొహమాటపడకుండా అడగండి. పోస్టుమ్యాన్ దగ్గర కూడా వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చు.

7. నెలకొకసారి పాసుపుస్తకంలో లెక్కలు వేయించి, సంఘం మీటింగులో పక్కవారితో కలిసి చదువుకోండి.

అన్నట్టు, ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. ఒంటరిగా అడిగితే "తర్వాత రా అమ్మా" అంటారు. పదిమంది కలిసి అడిగితే కుర్చీ వేసి చెబుతారు. సంఘంలో అప్పు లెక్క అణా పైసలతో చూసుకున్నవాళ్లం, సొంత ఖాతా లెక్క చూసుకోలేమా? వచ్చే మీటింగుకు పాసుపుస్తకం తీసుకెళ్లండి, మీ అత్తగారిది కూడా!