గూటి చెంత మన అడుగులు

తిరుపతి జిల్లా దొరవారిసత్రము చేరువలో నేలపట్టు అను గ్రామము కలదు. అచ్చటి చెరువులోని కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను సాకును. 1976లో ప్రభుత్వము దీనిని పక్షి రక్షిత కేంద్రముగా ప్రకటించినది. వేటగానినుండి రక్షణ యేర్పడినది. కాని చూడవచ్చువారివలని బెడద నేటికిని తీరలేదు.

“చూచినంత మాత్రమున కీడేమి?” అని విద్యార్థులు అడుగవచ్చును. గూడబాతు తన గుడ్లను సుమారు 30 దినములు పొదుగవలెను. అప్పుడే పుట్టిన పిల్లకు మేన నూగైనను ఉండదు; ఎండవేళ తల్లి నీడయే దానికి గొడుగు. మనము కేకలు వేయుచు గూళ్లను సమీపించినచో పెద్ద పక్షులు ఒక్కుమ్మడి లేచిపోవును. ఆ కొద్దిసేపటిలోనే కాకి వచ్చి గుడ్డును పొడువవచ్చును; పిల్ల ఎండకు సొమ్మసిల్లవచ్చును. మనము తెచ్చుకొన్న ఛాయాచిత్రములో ఈ నష్టము కనబడదు.

శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమున ఈ గూడబాతులే ఊరి చెట్లపై గూళ్లు కట్టుచున్నవి. గ్రామస్థుల రాకపోకలకు అవి అంతగా బెదరవు. ఏలనగా, అచ్చటివారు వానిని శుభసూచకములుగా ఎంచి, తమ త్రోవన తాము పోవుదురు. పక్షి మనిషి నడవడిని కనిపెట్టగలదు.

ఉపాధ్యాయులు పిల్లలను నేలపట్టునకు తప్పక తీసికొనిపోవలెను. కాని బండి దిగకముందే ఒక పాఠము చెప్పవలెను: గట్టు దిగకుడు, మెల్లగా మాటలాడుడు, పక్షి మెడ నిక్కించి మీవైపు చూచినచో, అది ఎగురకముందే మీరు వెనుకకు జరుగుడు.