మూలబడిన పడవ మోటారును మరల నడిపించుట

నెల్లూరు, కావలి పట్టణముల నడుమ నున్న బిట్రగుంట ఆవిరియంత్రముల కాలమున పెద్ద లోకో షెడ్డు గల రైల్వే కేంద్రముగా పేరొందినది. దానికి తూర్పున బోగోలు మండలమునకు చెందిన జువ్వలదిన్నె మొదలగు మత్స్యకార గ్రామములు కలవు. తీరము వెంట బకింగుహాము కాలువ, దాని కావల బంగాళాఖాతము ఉన్నవి. 1989 నవంబరు 9వ తేదీన పెనుతుఫాను కావలి సమీపముననే తీరము దాటినది. 2004 డిసెంబరు 26వ తేదీన వచ్చిన సునామీ ఈ తీరమును కూడ తాకినది. ఇట్టి ప్రాంతమున నమ్మకముగా పనిచేయు పడవ మోటారు వేటకే గాక ఆపదలో కూడ అక్కరకు వచ్చును. కనుక పాకలో మూలబడిన పాత మోటారును తూకమునకు అమ్ముటకు ముందు, అది బాగుపడునో కాదో పరీక్షింపవలెను. బాగుపడదని తేలినచో దానిపై ధనము వెచ్చింపరాదు.

మోటారు పనిచేయు విధము

పడవ వెనుక పలకకు తగిలించు మోటారును అవుట్‌బోర్డు మోటారు అందురు. అమెరికాలోని మిల్వాకీ నగరమున ఓలే ఎవిన్‌రూడ్ 1909లో తయారుచేసిన మోటారుతో వీటికి వ్యాప్తి కలిగినది. మన దేశపు తీరములలో 1980 తరువాత నాటుపడవలకు మోటార్లు అమర్చుట హెచ్చినది.

పాత మోటార్లలో అధికభాగము టూస్ట్రోకు రకమునకు చెందినవి. వీటికి వేరుగా నూనె తొట్టి యుండదు. పెట్రోలులో కలిపిన నూనెయే లోపలి భాగములకు జిడ్డు నందించును. నూనె కలుపుట మరచినచో కొలది నిమిషములలోనే పిస్టను బిగిసిపోవును.

మొదటి పరీక్ష: బిగువు

ఏండ్ల తరబడి కదలని మోటారు తాడును వెంటనే గట్టిగా లాగరాదు. స్పార్కు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రములో కొన్ని చుక్కల నూనె వేసి, పైచక్రమును చేతితో మెల్లగా త్రిప్పవలెను. తాడు త్రిప్పు దిక్కుననే త్రిప్పవలెను. తిరుగనిచో కిరసనాయిలు, నూనె కలిపి పోసి ఒకటి రెండు దినములు నాననీయవలెను. సుత్తితో కొట్టరాదు.

తిరిగిన పిమ్మట ప్లగ్గు రంధ్రముపై బొటనవ్రేలు గట్టిగా అదిమి త్రిప్పినచో, లోపలి గాలి వ్రేలిని పైకి నెట్టవలెను. రెండు సిలిండర్ల మోటారులో ఈ ఒత్తిడి రెండింటను సమానముగా నుండవలెను. ఒత్తిడి లేకున్నను, సిలిండరు గోడలు లోతుగా గీతలు పడియున్నను, ఇంజను దిమ్మ పగిలియున్నను అచ్చటనే ఆగి, భాగముల వెల విచారించిన తరువాతనే నిర్ణయము చేయవలెను.

రెండవ పరీక్ష: నిప్పురవ్వ

ప్లగ్గును శుభ్రపరచి, తీగకు తగిలించి, దాని లోహభాగమును ఇంజనుకు ఆనించి తాడు లాగవలెను. కొనయందు నీలిరంగు రవ్వ కనిపింపవలెను. సిలిండరులో మిగిలిన పెట్రోలు ఆవిరి అంటుకొనవచ్చును గనుక, ప్లగ్గును దాని రంధ్రమునకు దూరముగా నుంచవలెను. రవ్వ రానిచో మొదట పైచక్రము క్రిందనున్న పాయింట్లను చూడవలెను. ఉప్పుగాలికి వాటిపై పొర కట్టుట సామాన్యము. పొరను తీసి, మోటారు పుస్తకములో చెప్పిన ఎడమునకు సరిచేయవలెను. అప్పటికిని రవ్వ రానిచో కాయిలును, కండెన్సరును మెకానిక్కుచే పరీక్ష చేయింపవలెను.

మూడవ పరీక్ష: ఇంధనము

నిలువయున్న పెట్రోలు జిగురుగా మారి కార్బురేటరు సన్నని రంధ్రములను మూసివేయును. పాత ఇంధనమును పూర్తిగా తీసివేసి, కార్బురేటరు విప్పి కడిగి, రంధ్రములను గాలితో ఊది శుభ్రపరుపవలెను. ఇనుపతీగ పొడిచినచో రంధ్రము పెద్దదై ఇంధనపు కొలత తప్పును.

నేటి పెట్రోలులో ఇథనాలు కలియుచున్నది. 2025 నాటికి దాని పాలు ఇరువది శాతమునకు చేరినది. ఇది తేమను పీల్చుకొనును, పాత రబ్బరు గొట్టములను, బెండు తేలుడును పాడుచేయును. కనుక గొట్టములను క్రొత్తవి వేసి, పెట్రోలును అవసరమైనంతయే తెచ్చుకొనవలెను.

నూనె పాలు మోటారుమీది పలకను చూచి నిర్ణయింపవలెను. 24 పాళ్ల పెట్రోలుకు 1 పాలు నూనె అని యున్నచో 5 లీటర్లకు సుమారు 210 మిల్లీలీటర్లు, 50కి 1 అని యున్నచో 100 మిల్లీలీటర్లు కలుపవలెను. లారీ ఇంజను నూనె గాక, పడవ మోటార్లకై చేసిన టూస్ట్రోకు నూనెనే వాడవలెను.

నాలుగవ పరీక్ష: నీరు, గేర్లు

ఈ మోటారు బయటి నీటినే పైకి తోడుకొని చల్లబడును. ఆ నీటిని తోడు రబ్బరు చక్రము ఏండ్లు గడచినచో గట్టిపడి విరుగును. దానిని మార్చి, మోటారును నీటి డ్రమ్ములో నిలిపి, పంకా తీసివేసి నడుపవలెను. నీరు లేకుండ క్షణమైనను నడుపరాదు. నీరు బయటికి రాకున్నను, ఇంజను తల చేయి పెట్టరానంత కాలినను వెంటనే ఆపవలెను.

క్రింది గేరుపెట్టెలోని నూనె తెల్లగా పాలవలె నున్నచో నీరు చేరినదని అర్థము. సీళ్లు మార్చి క్రొత్త నూనె పోయవలెను. అనేక మోటార్లలో పంకాకు అమర్చిన చిన్న పిన్ను, పంకా రాతికి గాని దుంగకు గాని తగిలినప్పుడు తాను విరిగి గేర్లను కాపాడును. దాని స్థానమున ఇనుప మేకు కొట్టినచో, మరల దెబ్బ తగిలినప్పుడు గేర్లే విరుగును. తగిన పిన్నులు రెండు మూడు పడవలో నుంచుకొనవలెను.

పంచాయతీలు చేయదగిన పని

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో మత్స్యపరిశ్రమ పంచాయతీలకు అప్పగింపదగిన విషయముగా పేర్కొనబడినది. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు గల 61 దినముల వేట నిషేధకాలము మరమ్మతుకు అనువైనది. ఒక నీటి డ్రమ్ము, కొన్ని పనిముట్లు ఉమ్మడిగా సమకూర్చి, గ్రామ యువకులకు మెకానిక్కుచే పని నేర్పింపవచ్చును. ఖర్చు మంజూరు చేయుటకు ముందు పై నాలుగు పరీక్షల ఫలితమును వ్రాతమూలముగా తీసుకొనుట మేలు. మురికినూనెను కాలువలో పోయనీయరాదు.

బాగుపడిన మోటారును మొదట కాలువలోనే పలుమార్లు నడిపి చూడవలెను. సముద్రమునకు పోవునప్పుడు తెడ్లు, లంగరు, ప్రాణరక్షక జాకెట్లు తప్పక ఉండవలెను. తిరిగి వచ్చిన ప్రతిసారి మంచినీటిలో కొంతసేపు నడిపి ఉప్పును కడిగివేయవలెను. తుఫాను హెచ్చరిక వచ్చిన దినమున మోటారును విప్పి చూచుట వలన ప్రయోజనము లేదు. ఈశాన్య ఋతుపవనములు రాకపూర్వమే దానిని సిద్ధపరచిన గ్రామమునకు ఆపత్కాలమున ఒక పడవ ఎక్కువగా చేతికి వచ్చును.