ఆరుబయట సినిమా తీయడం ఎలా? (వలిసె చేను నేర్పిన పాఠం)



మన స్కూల్లో మేము ఒక చిన్న సినిమా తీస్తున్నామని మీ అందరికీ తెలుసు. కొండమీది ఊరి నుంచి ఒక అమ్మాయి మొదటిసారి హాస్టలుకు నడిచి రావడం దాని కథ. వాళ్ళింట్లో చదువుకి వచ్చిన మొదటి మనిషి ఆ అమ్మాయే. సైన్సు మేడం తన ఫోను ఇచ్చారు. గదిలో చీకటిగా ఉంటాది, బయటైతే కావలసినంత వెలుతురు, కాబట్టి సులువు అనుకున్నాం. తప్పు. బయట ఎండ ఆగదు, మబ్బు ఆగదు, మేకలు ఆగవు, పువ్వులు అసలే ఆగవు. మేము నేర్చుకున్నది రాస్తున్నాను. మీరు తీసేటప్పుడు పనికొస్తాది.

1. వెలుతురు

మిట్టమధ్యాహ్నం తీయకండి. ఎండ నడినెత్తిన ఉంటే కళ్ళకింద నల్లగా నీడ పడి, మనిషి జబ్బు పడినట్టు కనిపిస్తాది. పొద్దున్న మంచు విడిచాక, సాయంత్రం నాలుగు దాటాక వెలుగు ఏటవాలుగా పడి ముఖం బాగుంటాది. సూర్యుడు మనిషి వెనక ఉంటే ముఖం నల్లబడిపోతాది. అప్పుడు ఒక తెల్లటి థర్మోకోల్ అట్టని ఎండకి ఎదురుగా పట్టుకుంటే ఆ వెలుగు ముఖంమీద పడుతుంది. సినిమావాళ్ళు దీనికే రిఫ్లెక్టర్ అని వాడతారు. మేము ప్రాజెక్టు వర్కులో మిగిలిన అట్ట వాడాం.

ఫోను తనంతట తానే వెలుగు పెంచుతూ తగ్గిస్తూ ఉంటాది. మేడం ఫోనులో అయితే ముఖంమీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే వెలుగు అక్కడే నిలబడింది. సగం ఎండలో సగం మబ్బులో తీసిన ముక్కలు పక్కపక్కన పెడితే అతకవు. మబ్బు వస్తే కూర్చోండి, పోయాక తీయండి.

2. నోటుబుక్కు

సినిమా వరసగా తీయరు. ముందుది వెనక, వెనకది ముందు తీస్తారు. అందుకని ఏ రిబ్బను, ఏ గౌను, సంచి ఏ భుజం మీద, కాళ్ళకి చెప్పులున్నాయా లేదా, అన్నీ రాసుకోవాలి. మా హీరోయిన్ గెడ్డ దాటకముందు సంచి కుడి భుజం మీద ఉంది, దాటాక ఎడమ భుజం మీదకి వెళ్ళింది. చూసి అందరం నవ్వాం, మళ్ళీ తీశాం.

ఇంకొకటి. నడక ఎడమ నుంచి కుడికి మొదలైతే చివరిదాకా అలాగే ఉంచాలి. మధ్యలో కుడి నుంచి ఎడమకి నడిపిస్తే, చూసేవాళ్ళు “ఈ పిల్ల స్కూలు మానేసి ఇంటికి పోతోందా?” అనుకుంటారు.

3. గాలి

కొండగాలి ఫోనులోకి దూరితే బుర్రుమని చప్పుడే తప్ప మాటలు వినబడవు. గాలి తగలకుండా ఇద్దరు దుప్పటి అడ్డం పట్టుకోండి. అయినా కుదరకపోతే మాటలు తరువాత గదిలో చెప్పించి కలపవచ్చు. కాని ఆ చోటి చప్పుడు, అంటే పిట్టలు, గెడ్డ, ఒక నిమిషం విడిగా తీసుకోండి. అది లేకపోతే మాటలు గదిలో చెప్పినట్టే వినిపిస్తాయి.

4. పువ్వులు

సత్యజిత్ రే అనే పెద్దాయన తన మొదటి సినిమా ‘పథేర్ పాంచాలీ’ని బెంగాల్లో 1952లో మొదలుపెట్టారు. ఆయన కెమెరామన్ సుబ్రత మిత్ర అంతకుముందు సినిమా కెమెరా పట్టనే లేదు. అక్కాతమ్ముళ్ళు రెల్లు పూల మధ్య పరుగెత్తి రైలు చూడడం ముందుగా తీయబోయారు. కొంత తీసి, మిగతాది తీయడానికి మళ్ళీ వెళ్తే పశువులు రెల్లుపూలు మేసేశాయి! మరుసటి ఏడాది మళ్ళీ పూలు పూసేదాకా ఆగి అది పూర్తి చేశారు. సినిమా 1955లో విడుదలైంది.

మాకూ అదే జరిగింది. నవంబరులో పచ్చగా పూసిన వలిసె చేనులో మా అమ్మాయి నడిచి రావడం సగం తీశాం. తరువాత వానలు, పరీక్షలు. డిసెంబరులో వెళ్ళేసరికి చేను కోసేశారు. రే గారిలాగ ఏడాది ఆగితే మేము పదో తరగతికి వెళ్ళిపోతాం.

5. అన్నిటికన్నా ముందు చేయవలసింది

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. నవంబరులో ఆ చేనులోకి మేము ఎవరినీ అడక్కుండా దిగాం. ఆరుగురం అటూ ఇటూ తొక్కాం. చేను గల మామ్మ గట్టుమీద నుంచి మా భాషలోనే అరిచింది. “ఊరికే వచ్చి ఫొటోలు దిగి పోయే టూరిస్టులకి తెలీదు. మీకూ తెలీదా? పువ్వు రాలితే గింజ ఏదే? గింజ లేకపోతే నూనె ఏదే?” అంది.

మాలో ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మ కూడా వలిసెలు సంతకి తీసుకెళ్ళి అమ్మే నాకు సబ్బులు, పుస్తకాలు కొంటాది. ఫోను చేతిలోకి రాగానే నాకు చేను కనబడలేదు, సీను మాత్రమే కనబడింది.

డిసెంబరులో ఒక ఆదివారం వార్డెన్ మేడం పర్మిషన్ తీసుకుని, మామ్మ దగ్గరికి వెళ్ళి తప్పయిందని చెప్పాం. ఆమె ఏమీ అనలేదు, కర్రలు చేతికిచ్చింది. కళ్ళంలో ఎండిన వలిసెలు మధ్యాహ్నం దాకా కొట్టాం. తరువాత “ఇది తీసుకోమంటావా మామ్మా?” అని అడిగి, ఆమె సరే అన్నాకే ఫోను బయటకి తీశాం.

కథ కూడా మారింది. ఇప్పుడు మా సినిమాలో పూల చేను ముందు వస్తాది, కోసేసిన చేను తరువాత వస్తాది. ఆ వలిసెలు అమ్మిన డబ్బుతోనే అమ్మాయికి పెట్టె కొంటారు. ఇది మామ్మ చెప్పిన మాటే. మేము అనుకున్న కథ కంటే ఇదే నిజంగా ఉంది.

కాబట్టి బయట సినిమా తీసేవాళ్ళు ముందు చేను ఎవరిదో, ఇల్లు ఎవరిదో అడగండి. ఆ తరువాత ఎండ చూసుకోండి.

సంక్రాంతి సెలవులకు ముందు భోజనాల హాల్లో సినిమా వేస్తాం. మామ్మని కూడా పిలిచాం. ముందు వరసలో ఆమెకి చోటు ఉంచండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని