పెరికెద్దుల బాట

ఒక దేశముయొక్క చరిత్ర రాజుల కోటలయందును, దేవాలయముల గోపురములయందును మాత్రమే యుండునని తలంపరాదు. ఆ దేశపు బాటలయందును చరిత్ర కలదు. కోట కట్టించినవాని పేరు శాసనములలో నిలుచును. బాట నడచినవాని పేరు తఱచుగా నిలువదు. కాని కోటలోని రాజును, గుడిసెలోని పేదయు ఒక్క రీతిగా ఆ బాటసారి మోసి తెచ్చిన గింజలనే తిని బ్రతికిరి. అట్టి యొక ప్రాచీన వర్తక మార్గమును గూర్చియు, దాని జ్ఞాపకమును ఏటేట ఉత్సవము జరుపుకొని కాపాడుకొనుచున్న జనులను గూర్చియు ఈ పాఠమున తెలిసికొందము.

అనంతపురము జిల్లాలోని గుత్తి పట్టణము నేడొక పెద్ద కూడలి. హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు 44వ జాతీయ రహదారియు, కృష్ణపట్నము రేవునుండి తాడిపత్రి మీదుగా బళ్లారికిని, హుబ్బళ్లికిని పోవు 67వ జాతీయ రహదారియు ఇచ్చట కలియుచున్నవి. రైలు మార్గమును ఈ పట్టణము మీదుగనే పోవుచున్నది. రాత్రింబవళ్లు లారీలు బారులుగా సాగుచుండును. ఈ కూడలి నిన్న మొన్న పుట్టినది కాదు. గుత్తినుండి పత్తికొండకు పోవు త్రోవలో ఎఱ్ఱగుడి యను గ్రామము కలదు. అచ్చటి కొండబండలపై అశోక చక్రవర్తి శాసనములు చెక్కబడి యున్నవి. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమునాటి యీ శాసనములు 1929 ప్రాంతమున ఒక భూగర్భ శాస్త్రజ్ఞుని వలన వెలుగులోనికి వచ్చెను. వానిలో ఒకదానియందు, మనుష్యులకును పశువులకును ఉపయోగపడునట్లు బాటల వెంట బావులు త్రవ్వించితిననియు, చెట్లు నాటించితిననియు ఆ చక్రవర్తి చెప్పుకొనెను. జనసంచారము లేని యడవిలో ఎవరును శాసనములు చెక్కింపరు. కావున రెండు వేల రెండు వందల యేండ్లకు పూర్వమే యీ సీమలో మనుష్యులును పశువులును నడచు బాట యొకటి యుండెనని మనము గ్రహింపవచ్చును.

ఈ బాట యేల పుట్టెను? ఈ పీఠభూమి స్వభావమే దానికి కారణము. అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. పడమటి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. తూర్పు సముద్రపు వానలు ఇంత దూరము వచ్చుసరికి బలహీనమగును. వాన కురిసిన యేడు జొన్నయు, కొఱ్ఱయు, ప్రత్తియు పండును. కురియని యేడు ధాన్యము బయటినుండి రావలెను. ధాన్యము పండినను పండకున్నను ఉప్పు మాత్రము రాక తప్పదు. మనుష్యునకును పశువునకును కూడ ఉప్పు కావలెను. ఆ యుప్పు తూర్పుతీరపు ఉప్పు మళ్లలో పుట్టును. సముద్రమునకును ఈ మెట్ట సీమకును నడుమ నల్లమల, ఎఱ్ఱమల వంటి కొండల వరుసలు అడ్డముగా నున్నవి. ఉప్పు ఆ కొండలను దాటి పైకి రావలెను. ప్రత్తియు ధాన్యమును క్రిందికి దిగవలెను. ఇదియే యీ బాటకు మూలము.

ఆ కాలమున బండ్లు లేకపోలేదు. కాని వానకు తడిసిన నల్లరేగడిలో బండి చక్రము ఇఱుసు వఱకు దిగబడును. కనుమలలోని రాళ్లపై అది విఱిగిపోవును. వంకలపై వంతెనలు లేవు. అందుచేత దూరదేశపు వర్తకమునకు జనులు ఎద్దు వీపునే నమ్ముకొనిరి. మోటు నారతో నేసిన రెండు సంచులను జతచేసి, ఎద్దు వీపుమీద ఇరుప్రక్కల సమముగా వ్రేలాడునట్లు వేయుదురు. దానికి పెరిక యని పేరు. పెరికను మోయునది పెరికెద్దు. ఒక్కొక్క ఎద్దు నూఱు కిలోగ్రాములకు పైబడిన బరువును మోసికొని పోవుచుండెడిది.

ఇట్టి యెద్దుల మందలతో దేశమంతయు తిరిగి వర్తకము చేసినవారిలో ముఖ్యులు లంబాడీలు. రాయలసీమలో వారిని సుగాలీలందురు. కర్ణాటకమున లంబాణీలనియు, మహారాష్ట్రమునను ఉత్తర దేశమునను బంజారాలనియు పిలుతురు. తమలో తాము గోర్ జనులమని చెప్పుకొందురు. వారి భాష రాజస్థానపు భాషలకు దగ్గఱి చుట్టము. లవణ శబ్దమునుండియే లంబాడీ యను పేరు వచ్చినదని పలువురు పండితుల యభిప్రాయము. వారు గుంపులుగా కదలుదురు. ఆ గుంపునకు తండా యని పేరు. తండాకు పెద్ద నాయకుడు. ఎప్పుడు కదలవలెను, ఎచ్చట విడియవలెను, ఎవరితో బేరము సేయవలెను అను విషయములన్నియు అతడే నిర్ణయించును.

తండా ప్రయాణము చూడదగినదిగా నుండెడిది. మందకు ముందు ఒక ఎద్దు నడచును. దానిపై బరువు వేయరు. ఎఱ్ఱని పట్టు గుడ్డలతోను, గంటలతోను, గవ్వల పేరులతోను దానిని అలంకరింతురు. ఆ గంటల చప్పుడును అనుసరించి తక్కిన యెద్దులు నడచును. స్త్రీలును, పిల్లలును, కుక్కలును వెంట నుందురు. సాయంకాలమున నీరును పచ్చికయు గల తావున విడిసి, దింపిన పెరికలను ఒకదానిపై నొకటి పేర్చి గోడవలె కట్టి, దాని నడుమ విశ్రమింతురు. రాత్రియంతయు కుక్కలు కావలి కాయును. 1632వ సంవత్సరమున పీటరు మండీ యను ఆంగ్ల యాత్రికుడు ఉత్తర దేశమున ఒక తండాను చూచెను. అందు 14,000 ఎద్దులు ధాన్యము మోయుచుండెను. వారి నడక దినమునకు ఆఱేడు మైళ్లకు మించదని అతడు వ్రాసెను. టావెర్నియే యను ఫ్రెంచి వర్తకుడు పది పండ్రెండు వేల యెద్దుల మందలను గూర్చి వ్రాయుచు, ఇఱుకు త్రోవలో అవి యెదురైనచో అన్నియు దాటిపోవు వఱకు బాటసారులు రెండు మూడు దినములు కాచుకొని యుండవలసినదే యని చెప్పెను.

దినమునకు పది కిలోమీటర్ల నడకతో వర్తకము లాభసాటిగా నెట్లుండునని మీకు సందేహము కలుగవచ్చును. కిటుకు పచ్చికలో నున్నది. ఎద్దులు నడచుచునే మేయును. మేతకు ఖర్చు లేదు. తండా తన యిల్లును తనతోనే మోసికొని పోవును గనుక సత్రపు ఖర్చును లేదు. నడక మెల్లనిదే గాని కూలి చౌక. ఉప్పు, ధాన్యము వంటి బరువైన చౌక సరకులను వందల మైళ్లు చేరవేయుటకు ఇంతకంటె తగిన యుపాయము ఆనాడు లేకుండెను. ఐతే పచ్చికయు, చెఱువులలో నీరును ఉన్నంత కాలమే యీ వర్తకము సాగును. కావుననే లంబాడీలకు చెఱువు, పచ్చిక, అడవి అనునవి ప్రాణములతో సమానములయ్యెను.

రాజులును వీరిని నమ్ముకొనిరి. సేనలు కత్తులతో పోరాడును గాని కడుపు నిండనిచో కత్తి యెత్తలేవు. మొగలు సేనలు దక్షిణమునకు వచ్చినపుడును, 1792, 1799 సంవత్సరములలో ముగిసిన మైసూరు యుద్ధములలోను ధాన్యమును చేరవేసినవారిలో వీరు ప్రధానులు. ధాన్యము మోయువానిని కొట్టిన సేన తన కడుపును తానే కొట్టుకొన్నట్లగును గదా!

ఇట్టి సంచార జీవనమునుండి ఒక మహనీయుడు గుత్తి సీమలో ఉద్భవించెను. ఆయన సేవాలాల్ మహారాజు. గుత్తికి సమీపమున గొల్లలదొడ్డి ప్రాంతమున, 1739వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన, భీమానాయకుడు, ధర్మిణి యను దంపతులకు ఆయన జన్మించెనని లంబాడీల సంప్రదాయము చెప్పుచున్నది. పశువులను మేపుచు, తండాలతో తిరుగుచు ఆయన తన జనులకు సత్యము పలుకుడనియు, మత్తు పానీయములను విడువుడనియు, జీవహింస చేయకుడనియు, అడవిని నీటిని కాపాడుడనియు బోధించెను. ఆయన కాలమున గుత్తి సీమ శాంతముగా లేదు. కోట మురారిరావు ఘోర్పడే చేతిలో నుండెను. 1776లో హైదరాలీ దానిని ముట్టడించెను. కోటలోని నీరు తఱిగిపోవుటచేత మురారిరావు లొంగిపోక తప్పదయ్యెను. దుర్గములలో రాజని పేరొందిన కోట సైతము నీరు లేక ఓడిపోయెను. అడవిని నీటిని కాపాడుడన్న బోధ యీ సీమలో పుట్టుట వింత కాదు.

పిమ్మట కాలము మాఱెను. 1871వ సంవత్సరము లంబాడీల చరిత్రలో మఱవరానిది. మద్రాసునుండి గుత్తి మీదుగా వచ్చిన రైలు మార్గము ఆ యేడు రాయచూరు వద్ద బొంబాయి మార్గముతో కలిసెను. పెరికెద్దులు నెలల తరబడి నడచిన దూరమును రైలుబండి రెండు మూడు దినములలో దాటెను. ఆ యేడే ఆంగ్ల ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసెను. పుట్టుకచేతనే కొన్ని జాతులు నేరస్థులని నిర్ణయించిన చట్టమది. 1911లో అది మద్రాసు రాజధానికిని విస్తరించెను. లంబాడీలలో పలు వర్గములపై ఆ ముద్ర పడెను. దేశమునకు అన్నము మోసిన జనులను దేశము అనుమానముతో చూచుట యెంత యన్యాయము! స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1952లో ఆ ముద్ర తొలగింపబడెను. అప్పటికి తండాలు తిరుగుట మాని, ఊళ్లకు దూరముగా గుట్టల ప్రక్కన స్థిరపడి యుండెను. నడచు గుంపునకు పేరైన తండా, నిలిచిన పల్లెకు పేరయ్యెను.

ఇప్పుడొక ప్రశ్న పుట్టుచున్నది. ఇట్టి బాటను కాపాడుట యెట్లు? అమెరికా దేశమున సాంతా ఫే బాట యను వర్తక మార్గమొకటి యుండెను. 1821నుండి 1880లో రైలు సాంతా ఫే చేరు వఱకు దానిపై బండ్లు నడచెను. బండి చక్రముల గాడులు కొన్ని తావుల నేటికిని నేలపై కనబడుచున్నవి. అచ్చటి ప్రభుత్వము 1987లో దానిని జాతీయ చారిత్రక మార్గముగా ప్రకటించెను. జనులు ఆ గాడుల చెంత చేరి తమ పూర్వులను స్మరించుచున్నారు. మన పెరికెద్దుల బాటకు అట్టి గుర్తులు లేవు. ఎద్దు గిట్టల జాడను ఒక్క వాన చెఱిపివేయును. పేర్చిన పెరికల గోడను మఱునాటి యుదయముననే విప్పుదురు. ఈ బాట నేలపై మిగులలేదు. నడచిన వారి పాటలో, మాటలో, దుస్తులలో, ప్రార్థనలో మాత్రమే మిగిలినది. కావున ఆ జనులు ఒకచోట కూడుటయే దానిని కాపాడుట.

ఆ కూడిక గుత్తి మండలములోని చెర్లోపల్లి సమీపమున, సేవాగఢ్ అను పుణ్యస్థలమున ఏటేట ఫిబ్రవరి నెలలో సేవాలాల్ జయంతి సందర్భమున జరుగుచున్నది. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రములనుండి లంబాడీలు వేలాదిగా తరలివత్తురు. పూర్వము ఎద్దులతో వచ్చిన దిక్కులనుండియే నేడు బస్సులలోను, రైళ్లలోను, ట్రాక్టరులలోను వచ్చుచున్నారు. తెల్లని జెండాలు ఎగురును. భోగ్ బండారో యను పూజలో నిప్పు రాజేసి, నేతిని, తీపి వంటకమును అగ్నికి సమర్పింతురు. చీమ మొదలు పశువు వఱకు సకల జీవులకును మేలు కలుగవలెనని ప్రార్థింతురు. ఎద్దు క్షేమమే తన క్షేమముగా బ్రతికిన జాతి ప్రార్థన అట్లుండుట సహజమే గదా!

స్త్రీలు అద్దములును, గవ్వలును, నాణెములును కుట్టిన వస్త్రములు ధరించి వలయముగా నిలిచి పాడుచు ఆడుదురు. ఆ గవ్వలు సముద్రతీరమునుండి వచ్చినవి. ఆ నాణెములు సంతలలో సంపాదించినవి. సొమ్మును పెట్టెలో దాచుకొనుటకు స్థిరమైన యిల్లు లేనివారు దానిని దుస్తులపై కుట్టుకొని నడచిరి. కావున ఆ దుస్తులను చూచుట ఆ బాటను చూచుటయే. బళ్లారి జిల్లాలోని సండూరు లంబాణీ స్త్రీల కుట్టుపని భౌగోళిక గుర్తింపును పొందినది. సేవాలాల్ సమాధి గల మహారాష్ట్రములోని పోహ్రాదేవి యను క్షేత్రమున 2024 అక్టోబరులో బంజారా వారసత్వ ప్రదర్శనశాల ప్రారంభింపబడెను. వస్తువులను ప్రదర్శనశాల కాపాడగలదు. పాటను మాత్రము పాడువారే కాపాడవలెను.

ఇచ్చటనే అపాయము కలదు. లంబాడీ భాషకు సొంత లిపి లేదు. దానిని తెలుగు దేశమున తెలుగు లిపిలోను, కర్ణాటకమున కన్నడ లిపిలోను, మహారాష్ట్రమున నాగర లిపిలోను వ్రాయుచున్నారు. చదువులకును కూలిపనులకును పట్టణములకు పోయిన పిల్లలు ఇంటి భాషను మఱచుచున్నారు. ఒక అవ్వ కన్ను మూసినచో ఆమెతో పాటు కొన్ని పాటలు, ఆ పాటలలోని ఊళ్ల పేర్లు, కనుమల గుర్తులు సమసిపోవును. శాసనము రెండు వేల యేండ్లు నిలిచినది. పాట ఒక్క తరమున నశింపవచ్చును.

బాలబాలికలారా! మీ తరగతిలో తండానుండి వచ్చు సహాధ్యాయులు ఉన్నచో వారిని ఆదరించి, వారి యింటి పాటల యర్థమును అడిగి తెలిసికొనుడు. మీరే తండా పిల్లలైనచో మీ యవ్వ పాడు పాటను తెలుగు లిపిలో ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. మీ యూరి పాత బాటలేవో, వాని ప్రక్కనున్న బావులును చెఱువులును ఏ స్థితిలో నున్నవో పెద్దలనడిగి వ్రాసికొనుడు. ఒకప్పుడు ఈ సీమకు ఉప్పును గింజలను మోసి తెచ్చినవారు పేరు కోరలేదు. వారి బాటను మఱవకుండుట ఆ యుప్పు తిన్న సీమవారి ధర్మము.